నవ్వు ఆరేలోగా

మంగళవారం పొద్దున్న హుల్డా కొలతల టేపు పట్టుకుని పిలిస్తే, కొత్త కోటు కుడతారు కాబోలనుకుని క్లెమ్ హార్గన్ సంతోషంగానే వెళ్లి నిలబడ్డాడు. అతను వేసుకుంటున్న గళ్ల కోటు మోచేతుల దగ్గర ఇప్పటికి నాలుగుసార్లు అతుకు పడింది. వీపు మీద కుట్లు ఎన్నిసార్లు విడిపోయాయో లెక్కే లేదు. హుల్డా ఆ స్టూడియోలో బట్టల గది చూసుకునే మనిషి. యాభై దాటిన స్వీడన్ విధవరాలు. గుండుసూదులు నోట్లో పెట్టుకునే మాట్లాడుతుంది, నవ్వుతుంది, తిడుతుంది.

ఆమె భుజాలు కొలిచింది, ఛాతీ కొలిచింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మోకాలి నుంచి మడమ దాకా కొలిచింది. మెడ చుట్టూ, తల చుట్టూ కొలిచింది. అరచెయ్యి పొడవు కూడా కాగితం మీద రాసుకుంది. చివరికి గుర్రాల దాణా తూచే కాటా దగ్గరికి తీసుకెళ్లి ఎక్కి నిలబడమంది.

"కోటుకి బరువుతో పనేమిటి తల్లీ?" అన్నాడు క్లెమ్.

హుల్డా నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చింది. అంతసేపు తీసుకుందంటే మంచిమాట రాబోవడం లేదని అతనికి అర్థమైంది.

"కోటు నీకు కాదు బాబూ. మెక్‌గిల్ నీ అంత గడ్డిబొమ్మ చెయ్యమన్నాడు. నీ కొలతలకే, నీ బరువుకే. ఇకమీదట ఎత్తు మీంచి పడేవన్నీ అదే పడుతుందట."

క్లెమ్ కాటా దిగలేదు. ముల్లు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగింది. హుల్డా అతని మొహం చూడకుండా ఆ అంకె కూడా రాసుకుంది.

ఎత్తు మీంచి పడటమే క్లెమ్ పని. ఈడెన్‌డేల్ కొండ కింద మాటల్లేని నవ్వుల రీళ్లు తీసే ప్రతి స్టూడియోలోనూ ఒకరిద్దరు పడేవాళ్లుండేవారు. నిచ్చెన మీంచి పడాలి, కదిలే బండి మీంచి పడాలి, సబ్బు పూసిన మెట్ల మీంచి పడాలి. తెర మీద పడేది మాత్రం వెర్న్ పికెట్. పేరు అతనిది, గోడల మీద అతికించిన కాగితాల్లో పళ్లికిలించే మొహం అతనిది. నిచ్చెన పైమెట్టు దాకా ఎక్కి కెమెరా వైపు కళ్లు తేలేసేదీ అతనే. అక్కడ హోలిస్ కెమెరా పిడి తిప్పడం ఆపుతాడు. పికెట్ దిగిపోయి నీడలో సిగరెట్టు ముట్టించుకుంటాడు. అదే గళ్ల కోటు, అవే మీసాలు పెట్టుకుని క్లెమ్ ఎక్కుతాడు, మొహం అటు తిప్పుకుంటాడు, పడతాడు. పడినవాడు లేచి అటే పరుగెత్తిపోతే, దుమ్ము దులుపుకుంటూ మళ్లీ మొహం చూపించేది పికెట్. మొన్నామధ్య పత్రికాయన ఒకడు వస్తే పికెట్ తన ఒంటి మీది దెబ్బల గురించి అరగంట సేపు చెప్పాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే అదే. క్లెమ్ పక్కనే నిలబడి అంతా విన్నాడు, కాదనలేదు.

కాదనకపోవడం ఆ పనిలో మర్యాద. మొహం కనపడేలా పడినవాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు. ఇంకో మర్యాద కూడా ఉంది. పడినవాణ్ణి ఎవరైనా "తగిలిందా" అని అడిగితే "తగల్లేదు" అనాలి. ఎముక విరిగినా, నలుగురు కలిసి మోసుకుపోతున్నా అదే మాట. వీటన్నిటికన్నా పెద్ద నియమం ఏమిటంటే, జనం నవ్వు ఆరేలోగా లేచి నిలబడాలి. పడిన మనిషి రెండు క్షణాలు అలాగే ఉండిపోతే చూసేవాళ్లకి భయం పుడుతుంది. భయం పుట్టిన చోట నవ్వు బతకదు. ముందు సర్కస్ గుడారాల్లో, ఆ తర్వాత ఈ రీళ్లలో, ఇరవై రెండేళ్లుగా క్లెమ్ నవ్వు ఆరేలోగా లేస్తూనే ఉన్నాడు. ఈ మధ్య కుడి మోకాలు ఒక్కటే ఆ నియమం మరిచిపోతోంది.

మధ్యాహ్నం భోజనాల వేళ అతను డైరెక్టరు మెక్‌గిల్ దగ్గరికి వెళ్లాడు. మెక్‌గిల్ ఒక ఖాళీ పెట్టె మీద కూర్చుని ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తున్నాడు. చెడ్డవాడని ఎవరూ అనరు గానీ, అతని కళ్లకి మనుషులు కూడా సామానులాగే కనపడేవారు.

"బొమ్మ సంగతి విన్నాను సార్."

"హుల్డా చెప్పేసిందా. నేనే చెబుదామనుకున్నాలే." మెక్‌గిల్ గుడ్డుని ఉప్పులో అద్దాడు. "చూడు క్లెమ్, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఆ మోకాలు నాకు కనపడటం లేదనుకోకు. పోయినవారం లేవడానికి ఎంతసేపు పట్టింది నీకు? నీ కోసం హోలిస్ నాలుగు చుట్లు ఎక్కువ తిప్పాల్సొచ్చింది."

"బొమ్మకి జనం నవ్వరు సార్."

"అది జనం చెప్పాలి. నువ్వూ నేనూ ఎవరం చెప్పడానికి? గురువారం రొట్టెల అంగడి సీను తీస్తాం. ఆదివారం మధ్యాహ్నం కామెట్‌లో వేసి చూస్తాం. బొమ్మకి నవ్వితే ఇక బొమ్మే పడుతుంది. నవ్వలేదనుకో, దాన్ని పొయ్యిలో పెట్టేస్తా, మళ్లీ నువ్వే పడు. ఇంతకన్నా న్యాయం ఎవడు చేస్తాడు చెప్పు."

క్లెమ్ వెనక్కి తిరిగి వచ్చేశాడు. తనకూ గడ్డికీ పోటీ పెట్టి అది న్యాయమంటున్నాడు.

కామెట్ ట్రాం లైను మీదున్న చిన్న సినిమా హాలు. క్లెమ్ ఆదివారం మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిపేవాడు. అతని అద్దెగదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో ఇంతవరకూ అతను తప్ప ఎవరూ కూర్చోలేదు. హాల్లో అయితే ఏడో వరసలో నడవ పక్క సీటు అతనిది. తెర మీద పికెట్ నిచ్చెన ఎక్కుతాడు, క్లెమ్ పడతాడు, హాలంతా ఒక్కసారిగా నవ్వుతుంది. పికెట్ కళ్లు తేలేసినప్పుడు వచ్చే నవ్వు గొంతుల్లోంచి వస్తుంది. తను పడినప్పుడు వచ్చేది కడుపులోంచి వస్తుంది. ఆ తేడా హాల్లో అతనొక్కడికే తెలుసు.

అదే వరసలో ఒక సీటు వదిలి అవతల ఒక పెద్దావిడ కూర్చునేది. లాండ్రీలో పనిచేసే మనిషై ఉండాలి, చేతులు మోచేతుల దాకా ఉడికినట్టు ఎర్రగా ఉండేవి. ఒళ్లో వేరుశనగకాయల పొట్లం. క్లెమ్ పడినప్పుడల్లా తొడ చరుచుకుని నవ్వేది, నవ్వు చివర ఊపిరి అందక సన్నగా ఈల వేసినట్టు చప్పుడొచ్చేది. రెండేళ్లలో వాళ్లిద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అయినా ఆమె రాని ఆదివారం క్లెమ్‌కి సినిమా చూసినట్టే ఉండేది కాదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఇంత పెద్ద ఊళ్లో తన వల్ల నవ్వే మనిషంటూ అతను గుర్తుపట్టగలిగింది ఆమె ఒక్కదాన్నే. బొమ్మ పడితే ఆ నవ్వు బొమ్మదైపోతుంది. జీతం సంగతి ఎలాగోలా చూసుకోవచ్చు. ఆదివారాలు ఏం చేసుకోవాలో అతనికి తోచలేదు.

బుధవారానికి బొమ్మ తయారైంది. పాత పరుపుల్లోంచి తీసిన గడ్డి, దాని చుట్టూ యూరప్ యుద్ధం వార్తలున్న పత్రికలు, ఆ పైన గట్టి గుడ్డ, దాని మీద గళ్ల కోటు. హుల్డా దాన్ని కుర్చీలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. క్లెమ్ తలుపు తీసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. ఎవరూ తమ వీపు తాము చూసుకోలేరు కదా, తెర మీద కూడా అది క్షణం నిలవదు. ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త కిందికి ఉందని అతనికి ఆ రోజే తెలిసింది.

"భుజం అలా ఎందుకు పెట్టావు?" అన్నాడు.

"నీది అలాగే ఉంటుంది కాబట్టి," అంది హుల్డా. "రెండేళ్లుగా నీ కోటు లోపల దూది అతుకులు కుడుతున్నదాన్ని, నాకు తెలీదా."

వడ్రంగుల షెడ్డు కప్పు మీంచి బొమ్మని పడేసి చూశారు. అది బస్తా జారవిడిచినట్టు దబ్బున పడింది. మళ్లీ పడేశారు, ఈసారి తలకిందులుగా పడి దుంగలా నిలువునా వాలింది. పికెట్ నీడలో కూర్చుని, "మా మామగారు తాగొచ్చి మంచమెక్కినట్టుంది," అన్నాడు. మూడోసారీ అంతే. మెక్‌గిల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "తగలెయ్యండి దీన్ని. ఇది పడటమా? బండి మీంచి బంగాళాదుంపలు దింపుకున్నట్టుంది."

క్లెమ్ కాస్త దూరంలో గోడకి ఆనుకుని రొట్టె తింటున్నాడు. ఆ క్షణాన నోరు మూసుకుని రొట్టె తినేసి ఉంటే బొమ్మ కథ అక్కడితో ముగిసేది. ఊరుకోవడానికి అతను ఇంకే పనివాడైనా అయ్యుండాలి. కళ్లముందు అన్నం మాడుతుంటే వంటవాడు చేతులు కట్టుకుని కూర్చోలేడు.

"మెడ," అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

"మెడ బిగిసుంది సార్. పడే మనిషి ముందుగా మెడ వదిలేస్తాడు. నడుం దగ్గర కూడా గడ్డి ఎక్కువైంది. మనిషి ముందు నడుం దగ్గర ఓడిపోతాడు, ఆ తర్వాతే కాళ్లు జారతాయి."

రొట్టె పక్కన పెట్టి లేచాడు. జేబుకత్తితో బొమ్మ మెడ కుట్టు విప్పి రెండు గుప్పెళ్ల గడ్డి తీశాడు. తల వెనక చిన్న ఇసక మూట పెట్టాడు. మడమల్లో ఇంకాస్త ఇసక పోయమన్నాడు. మోచేతుల దగ్గర గుడ్డని నలిపి నలిపి మెత్తబడేలా చేశాడు. హుల్డా దబ్బనం పట్టుకుని పక్కన మోకాళ్ల మీద కూర్చుని కుడుతోంది.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావయ్యా," అంది ఎవరికీ వినపడకుండా.

"అది పడే తీరు చూడలేకపోతున్నా తల్లీ."

"చూడకపోతే కళ్లు మూసుకో. పోయి నీ రొట్టె తిను."

అతను కళ్లు మూసుకోలేదు. బొమ్మని భుజానేసుకుని తనే నిచ్చెనెక్కాడు. కప్పు అంచున నిలబెట్టి, వెనక నుంచి తన మోకాలితో దాని మోకాలు నొక్కి, భుజం వదిలి, చివరగా చెయ్యి వదిలాడు. బొమ్మ చేతులు రెండూ గాలిలో తిరిగాయి. నడుం విరిగింది, తల వెనక్కి వాలింది, ఒక కాలు మిగతా ఒంటికన్నా ఆలస్యంగా వెళ్లింది. నేలకి తగిలి ఒకసారి ఎగిరి పడింది. వడ్రంగులు సుత్తులు ఆపి గొల్లుమన్నారు.

"అదిగో," అన్నాడు మెక్‌గిల్. "అచ్చం నువ్వే."

క్లెమ్ కప్పు మీంచి వంగి చూశాడు. ఎంత బాగా పడ్డాడు అనుకున్నాడు. అనుకున్నాక భయమేసింది.

గురువారం రొట్టెల అంగడి సీను మొదలయ్యేసరికే మూడు దాటింది. మూడంతస్తుల అంగడికి ముందు గోడ ఒక్కటే ఉంది, వెనకంతా కర్రలూ నిచ్చెనలూ. ఎండని మెత్తబరచడానికి పైన కట్టిన తెల్లగుడ్డల్ని జరుపుతూ జరుపుతూ పనివాళ్లు అలిసిపోయారు. నవంబరు కావడం వల్ల నాలుగింటికల్లా సూర్యుడు కొండ వెనక్కి వెళ్లిపోతాడు. మర్నాటికి ఆ గోడకే రంగు మార్చి బ్యాంకు చేయాలి. కాబట్టి ఏం తీసినా ఆ పూటే తీయాలి.

పికెట్‌ని పోలీసులు తరిమారు. అతను కప్పు అంచు దాకా వచ్చి, కిందికి చూసి, కెమెరా వైపు తిరిగి కళ్లు తేలేశాడు.

"కదలకండి," అని అరిచాడు మెక్‌గిల్.

ఆ మాట వింటే ఎక్కడివాళ్లక్కడ శిలలైపోవాలి. కెమెరా ఆపి మనిషి స్థానంలో బొమ్మని పెట్టేలోగా ఎవరు వేలు కదిపినా తెర మీద అది గెంతినట్టు కనపడి గుట్టు బయటపడుతుంది. కింద పోలీసులు ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉంచారు. అంగడివాడి వేషం వేసినతను రొట్టెల పళ్లెం నెత్తిన పెట్టుకుని బిగుసుకుపోయాడు. పికెట్ ఒక్కడే తాపీగా వెనక నిచ్చెన దిగిపోయాడు. గోడ వెనక నక్కి ఉన్న క్లెమ్ బొమ్మని అంచుకి చేర్చాడు. హోలిస్ చర్చి పాట ఎత్తుకున్నాడు. పాటలో తాళం దెబ్బకొక చుట్టు చొప్పున కెమెరా తిప్పడం అతని అలవాటు. ఆ పాట వినపడకపోతే క్లెమ్‌కి పడటం కూడా చేతకాదు. మూడో దెబ్బకి చెయ్యి వదిలాడు.

బొమ్మ అంగడి ముందు కట్టిన చారల గుడ్డని చీల్చుకుంటూ వెళ్లి కాలిబాట మీద వెల్లకిలా పడింది. నిన్నటికన్నా బాగా పడింది. కుడికాలు మాత్రం ఒంటి కిందికి పోయి, పాదం తుంటి పక్కకి వచ్చి ఆగింది.

"కదలకండి."

క్లెమ్ నిచ్చెన దిగి వచ్చాడు. బొమ్మ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి దాన్ని పైకెత్తారు. అతను ఆ గీతలోపల పడుకున్నాడు. తలా, చేతులూ సరిపోయాయి. తన కొలతలకే చేసింది కదా, సరిపోక ఏం చేస్తుంది.

మెక్‌గిల్ కెమెరాలోంచి చూసి తల అడ్డంగా ఊపాడు. "కాలు. కాలు అలా లేదు."

"ఆ కాలు అలా మనిషికి తిరగదు సార్."

"బొమ్మకి తిరిగింది కదా. తెర మీద కాలు ఎగిరి పక్కకి పోతే జనం ఊరుకుంటారా? తిప్పు. ఎండ పోతోంది."

క్లెమ్ రెండు చేతులతో తన చీలమండ పట్టుకుని కాలు ఒంటి కిందికి లాక్కున్నాడు. అసలే వాచిన మోకాలు, గోరుచుట్టు మీద రోకటిపోటు. లోపల ఏదో ఉండవలసిన చోటి నుంచి జరిగినట్టు తెలిసింది. పళ్లెం మోస్తున్నతని చేతులు వణుకుతున్నాయి. కొండ నీడ అప్పటికే అంగడి తలుపు దాకా వచ్చింది.

"లే," అన్నాడు మెక్‌గిల్. హోలిస్ పాట మొదలుపెట్టాడు.

పైకి ఎగిరి నిలబడాలి. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నదే. క్లెమ్ ఒంటికి ఆజ్ఞ ఇచ్చాడు, ఒళ్లు వినలేదు. పక్కకి ఒరిగి అరచెయ్యి నేలకి ఆనించాడు. ఎడమ మోకాలు కిందికి తెచ్చుకున్నాడు. అక్కడ ఆగాల్సివచ్చింది. కెమెరా వైపు వీపు పెట్టి, తల వంచుకుని, పాటలో రెండు పంక్తుల సేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కుంటుకుంటూ పరుగెత్తి మలుపు తిరిగిపోయాడు.

"ఏమిటది?" అని మెక్‌గిల్ అరుస్తున్నాడు. "కాలిబాట మీంచి లేవమంటే సమాధిలోంచి లేచొచ్చినట్టు వస్తావేం? మళ్లీ తీద్దాం, పడుకో."

హోలిస్ కెమెరా కంటికి మూత పెట్టేశాడు. "వెలుగు లేదు."

మెక్‌గిల్ కొండ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "సరే ఏడవనీ, అలాగే ఉంచు," అని వెళ్లిపోయాడు.

గోడ వెనక ఇసక బస్తా మీద కూర్చున్న క్లెమ్ దగ్గరికి హుల్డా వచ్చింది. చేతిలో తడిగుడ్డ ఉంది.

"తగిలిందా?"

"తగల్లేదు."

ఆమె తడిగుడ్డ అతని పక్కన పెట్టి, సూదులు నోట్లో పెట్టుకుని, చిరిగిన బొమ్మని తీసుకెళ్లింది.

ఆదివారం కామెట్ నిండిపోయింది. క్లెమ్ కుడికాలు నడవలోకి చాపుకుని కూర్చున్నాడు. పెద్దావిడ వచ్చి, అతని కాలు దాటుకుని, తన సీట్లో కూర్చుని, పొట్లం విప్పుకుంది. చివరి వరసలో మెక్‌గిల్ అట్టముక్కా పెన్సిలూ పట్టుకుని కూర్చున్నాడు. కొత్త రీలు వేసినప్పుడల్లా అది అతని పద్ధతి. జనం నవ్విన ప్రతిచోటా ఒక గీత, పెద్దగా నవ్వితే రెండు గీతలు.

పికెట్ రొట్టె దొంగిలించాడు. నవ్వారు. పోలీసు జారి పిండి తొట్టెలో పడ్డాడు. నవ్వారు. పికెట్ కప్పు అంచుకి వచ్చి కళ్లు తేలేశాడు. క్లెమ్ తెర చూడటం మానేసి పెద్దావిడని చూశాడు.

బొమ్మ పడింది.

ఆ హాల్లో అంత నవ్వు అతను ఎన్నడూ వినలేదు. వెనక ఎవరో కాళ్లు నేలకేసి కొడుతున్నారు. పియానో వాయించే పిల్ల వాయించడం ఆపి నవ్వుతోంది. పెద్దావిడ తొడ చరుచుకుంది, ముందుకి వంగింది, చివర ఆ సన్నటి ఈల కూడా వేసింది. రెండు గీతలు, అనుకున్నాడు క్లెమ్. తన చేతులతో నేర్పిన విద్య, తన మెడా తన నడుమూ తీసి దానికి పెట్టి ఇచ్చిన విద్య. ఆ నవ్వులో తన వాటా ఎంతో లెక్కతేలలేదు. ఆ జనం మధ్య అతను అంత ఒంటరివాడు ఎప్పుడూ కాలేదు.

అప్పుడు తెర మీద గళ్ల కోటు లేవడం మొదలుపెట్టింది.

పక్కకి ఒరిగింది. చెయ్యి నేలకి ఆనింది. ముందు వరసల్లో నవ్వు తగ్గింది. ఎడమ మోకాలు కిందికొచ్చింది, వీపు అలాగే వంగి ఉండిపోయింది. ఎడమ భుజం కిందికి ఉంది. వెనక వరసల్లో కూడా నవ్వు ఆగింది. పియానో మళ్లీ మొదలై ఒంటరిగా మోగింది. నవ్వు చచ్చిపోయిన హాలు ఎలా ఉంటుందో అన్నేళ్లుగా వింటూ వస్తున్నాడు గానీ, క్లెమ్ దాన్ని చూడటం అదే మొదటిసారి. లే, లే, అని లోపల తనని తనే తిట్టుకున్నాడు.

వేరుశనగ పొట్లం చప్పుడు ఆగింది.

"అయ్యో, ఆ మనిషికి తగిలింది," అంది పెద్దావిడ తనలో తనే. తర్వాత అతని వైపు తిరిగింది. "తగిలిందంటావా బాబూ?"

"తగల్లేదమ్మా," అంది క్లెమ్ నోరు దానంతటదే.

తెర నిండా పికెట్ మొహం వచ్చింది. దుమ్ము దులుపుకుని కన్నుగీటాడు. హాలు ఊపిరి పీల్చుకుని మళ్లీ నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. ఒలిచిన గింజలు గుప్పిట్లో అలాగే పట్టుకుని చివరిదాకా కూర్చుంది.

బయట తలుపు దగ్గర మెక్‌గిల్ క్లెమ్ భుజం మీద చెయ్యేసి అట్టముక్క చూపించాడు. "చూశావా, రెండు గీతలు. మూడు పెట్టాల్సింది. నీ బొమ్మ గెలిచింది."

"నా బొమ్మ," అన్నాడు క్లెమ్.

"ఆ లేచే ముక్క మాత్రం చచ్చింది. రేపు పొద్దున్నే కత్తిరించేస్తా. బొమ్మ పడగానే పికెట్ మొహం వేసేస్తే సరి, మధ్యలో ఎవరూ లేవనక్కర్లేదు." మెక్‌గిల్ అట్టముక్క జేబులో పెట్టుకున్నాడు. "నువ్వేం బెంగపెట్టుకోకు. రేపట్నుంచి బొమ్మని విసరడానికి రా. నీ అంత బాగా ఎవడు విసురుతాడు దాన్ని?"

ఆ మాట దయగానే అన్నాడు. క్లెమ్ సరే సార్ అన్నాడు. అంటే ఆ లేవడం చూసినవాళ్లు ఈ లోకంలో ఇవాళ ఈ హాల్లో కూర్చున్నవాళ్లే. ఇంకెవరూ చూడరు.

ట్రాం ఆగే చోట ఇంకా ఎండ ఉంది. పెద్దావిడ అక్కడ ఒంటరిగా నిలబడి కాయలు ఒలుచుకుంటోంది. అతన్ని చూసి పలకరింపుగా తల ఊపింది, ఎప్పట్నుంచో ఎరిగినట్టు.

"ఇందాకట్నుంచీ అదే ఆలోచిస్తున్నా బాబూ," అంది. "నువ్వు తగల్లేదన్నావు గానీ నాకు నమ్మకం కుదరటంలేదు. ఆ మొహం నవ్వింది గానీ, ఆ వీపు నవ్వలేదు. ముప్పై ఏళ్లుగా ఇస్త్రీబల్ల దగ్గర నిలబడ్డదాన్ని, మోకాలు పట్టేస్తే మనిషి ఎలా లేస్తాడో నాకు తెలీదా. రెండేళ్లుగా అతను పడుతుంటే పడీపడీ నవ్వాను. ప్రతిసారీ ఇలాగే ఉండేదేమో పాపం, మనం చూడలేదు."

క్లెమ్ రోడ్డు వైపు చూశాడు. ట్రాం ఇంకా రాలేదు. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న అతన్ని చాలామంది అడిగారు. అందరికీ ఏ జవాబు రావాలో ముందే తెలుసు, తెలిసే అడిగేవాళ్లు.

"తగిలిందమ్మా," అన్నాడు. "కుడి మోకాలు."

పెద్దావిడ అతని మొహంలోకి చూసింది. అది తెర మీద చూసిన మొహం కాదు. పొట్లం ముందుకి చాపింది. అతను ఒక కాయ తీసుకున్నాడు.

ట్రాం వచ్చి ఆగింది. మెట్టు ఎత్తుగా ఉంది. క్లెమ్ కడ్డీ పట్టుకుని ఎడమకాలు పైన పెట్టాడు. కుడికాలు రాలేదు. తెర మీద లాగే, ఆమె వైపు వీపు పెట్టి, తల వంచుకుని, అక్కడే ఆగిపోయాడు. లే, లే, అనుకున్నాడు. వెనక కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. కాసేపటికి గరుకైన చెయ్యి ఒకటి అతని మోచేతి కిందికి వచ్చి ఆనింది.

"నెమ్మదిగా బాబూ," అంది ఆమె వెనక నుంచి. "నెమ్మదిగానే లే. తొందరేం లేదు."

కండక్టరు గంట తాడు అందుకున్నాడు. "ఆగవయ్యా, మనిషి ఎక్కుతున్నాడు కనపడటంలా," అందామె.

కండక్టరు తాడు మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. క్లెమ్ నెమ్మదిగానే ఎక్కాడు.